ఆ జూన్ నెల గురించి: టొరంటో మేపుల్ లీఫ్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

బ్రాంప్టన్, అంటారియో
జూలై 2025

మేపుల్ లీఫ్స్ యాజమాన్యానికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి పద్నాలుగేళ్లయింది. వేర్‌హౌస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పని చేస్తాను. మీ జట్టు ఆడే ఐస్ హాకీ నాకు మా అబ్బాయి ద్వారా అబ్బింది. శనివారం తెల్లవారుజామున ఐదున్నరకి వాణ్ణి లేపి, రింక్‌కి తీసుకెళ్లి, తడి రబ్బరు మ్యాట్ మీద మోకాళ్లేసుకుని స్కేట్ల లేసులు బిగించి కట్టేవాణ్ణి. వాడు ఐస్ మీదకి వెళ్లాక అద్దం ఇవతల కాఫీ పట్టుకుని నిలబడి చూస్తూ చూస్తూ ఆట నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో, మా తోడల్లుడి ఇంట్లో, పక్క వీధి తెలుగువాళ్ల ఇళ్లలో లీఫ్స్ గురించి వాదన లేకుండా శనివారం రాత్రి భోజనం పూర్తి కాదు. ఆ వాదనలన్నీ తెలుగులోనే జరుగుతాయి కాబట్టి ఈ లేఖా తెలుగులోనే రాస్తున్నాను.

విషయం మిచ్ మార్నర్. జూన్ 30న ఎనిమిదేళ్లకి 9.6 కోట్ల డాలర్ల ఒప్పందంతో అతను వేగస్ గోల్డెన్ నైట్స్‌కి వెళ్లిపోయాడు. బదులుగా మనకి నికొలా రువా అనే సెంటర్ వచ్చాడు. లీఫ్స్ తరఫున 657 ఆటల్లో 741 పాయింట్లు (గోల్ కొట్టినా, గోల్‌కి పాస్ అందించినా ఒక పాయింటు) చేసినవాడికి బదులు ఏడాదికి ముప్ఫై పాయింట్లు చేసే ఆటగాడు. ఆ రోజు నుంచి మా వాళ్లలో సగం మంది మార్నర్‌ని తిడుతున్నారు. మార్చిలో కరోలినా జట్టుకి వెళ్లడానికి ఒప్పుకుని ఉంటే బదులుగా వాళ్ల స్టార్ వింగర్ రాంటనెన్ మనకి వచ్చేవాడు కదా అని వాళ్ల బాధ. నా బాధ వేరు. మనం పోగొట్టుకున్నది ఈ మార్చిలో కాదు, 2023 జూన్‌లో. దాని గురించి మీరు ఇంతవరకూ మాతో సూటిగా మాట్లాడలేదు.

హాకీ అంతగా తెలియని తెలుగువాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి నాలుగు మాటల్లో చెప్తాను. ఐస్ మీద గోల్ కాచే గోలీ కాక ఒక్కో జట్టుకి ఐదుగురు ఉంటారు. ఇద్దరు వెనక డిఫెన్స్, ముగ్గురు ముందు. ముందున్న ముగ్గురిలో మధ్యవాడు సెంటర్, అటూ ఇటూ ఉండేవాళ్లు వింగర్లు. మార్నర్ కుడి వింగర్. 27 ఏళ్లు నిండిన లేదా ఏడు సీజన్లు ఆడిన ఆటగాడు ఒప్పందం ముగిసిన రోజున ఫ్రీ ఏజెంట్ అవుతాడు, ఎవరితోనైనా సంతకం చేసుకోవచ్చు, పాత జట్టుకి పైసా రాదు. అందుకే ఒప్పందం చివరి ఏడాదిలోకి వచ్చిన వింగర్‌ని ఉంచుకోవాలా, అమ్మేయాలా, అమ్మితే ఎంతకి అనేది ప్రతి జట్టుకీ పెద్ద తలనొప్పి.

మా నాన్న మిర్చి రైతు. పంట చేతికొచ్చాక టిక్కీలన్నీ కోల్డ్ స్టోరేజీలో పెట్టి, యార్డులో ధర ఎంత ఉందో రోజూ ఫోన్ చేసి కనుక్కునేవారు. ఇంకో వారం ఆగితే క్వింటాకి ఐదొందలు పెరుగుతుందని ఒకరు, ఇప్పుడే అమ్మేయమని ఒకరు. ఆగేకొద్దీ స్టోరేజీ అద్దె పెరుగుతుంది, కాయ రంగు తగ్గుతుంది, ఈలోపు కొత్త పంట వచ్చేసిందంటే పాత సరుకు వైపు చూసే వ్యాపారి ఉండడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మా నాయనమ్మ ఊరికే అనలేదు. అయితే మిర్చి టిక్కీ ‘నేను ఫలానా యార్డుకి పోను’ అనదు. మార్నర్ అనగలడు. ఆ హక్కు అతనికి ఇచ్చింది ఈ సంస్థే, ఏ రోజు నుంచి వస్తుందో కూడా ముందే రాసి ఇచ్చింది.

2019 సెప్టెంబరులో మార్నర్ ఆరేళ్ల ఒప్పందం చేసుకున్నాడు, ఏడాదికి సుమారు 1.09 కోట్ల డాలర్లు. అందులో నో-మూవ్‌మెంట్ క్లాజ్ ఉంది. అంటే అతని అనుమతి లేకుండా ఎక్కడికీ ట్రేడ్ చేయకూడదు, ఇంకో జట్టుకి ఇచ్చి బదులు తీసుకోకూడదు. లీగ్ నిబంధన ప్రకారం ఆటగాడికి 27 ఏళ్లు నిండాలి, లేదా ఏడు సీజన్లు పూర్తవ్వాలి, అప్పటిదాకా అలాంటి క్లాజ్ అమల్లోకి రాదు. మార్నర్‌కి ఏడు సీజన్లు 2023లో పూర్తయ్యాయి. కాబట్టి క్లాజ్ 2023 జూలై 1న మొదలైంది. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. నాలుగేళ్ల ముందు నుంచి కాగితం మీద ఉన్న తేదీ.

ఇప్పుడు ఆ జూన్‌లో ఏం జరుగుతోందో గుర్తు చేసుకోండి. మే 19న జనరల్ మేనేజర్ కైల్ డూబస్‌ని పంపించేశారు. మే 31న బ్రాడ్ ట్రెలివింగ్ వచ్చారు. కొత్త మేనేజర్‌కి తాళాలు చేతికిచ్చి, ‘అత్యంత విలువైన సామాను మీద ఇంకో నెలకి మీకు అధికారం ఉండదు’ అన్నట్టయింది. అదే జూలై 1న జట్టులో పెద్ద స్టార్ మాథ్యూస్ క్లాజ్ కూడా మొదలవుతోంది, పైగా అతని కొత్త ఒప్పందం తేలాలి. జూన్ చివర్లో నాష్‌విల్‌లో డ్రాఫ్ట్, అంటే జట్లు రౌండ్లవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే కార్యక్రమం; అందులో ఒక్కో ఎంపిక హక్కుని పిక్ అంటారు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి మొదటి నెలలోనే ఊళ్లో పుట్టిన స్టార్‌ని అమ్మేస్తాడా? నేనైనా వెనకాడేవాణ్ణి. అందుకే ఆయన్ని తప్పు పట్టడం లేదు. పాత మేనేజర్‌ని మార్చదలుచుకుంటే ఆ తేదీని బట్టి మార్చాల్సింది. లేదా వచ్చే ఆయన కోసం ఆ నిర్ణయాన్ని ముందే సిద్ధం చేసి ఉంచాల్సింది. బోర్డులో కూర్చున్న వాళ్ల పని అదే.

ఆ జూన్‌లో మార్నర్ విలువ ఎంత? అతనికి 26 ఏళ్లు. అప్పుడే 99 పాయింట్ల సీజన్ ముగించాడు. వరసగా 23 ఆటల్లో పాయింట్ సాధించి జట్టు రికార్డు బద్దలుకొట్టాడు. డిఫెన్స్‌లో కూడా బాగా ఆడే ఫార్వర్డ్‌కి ఇచ్చే సెల్కీ ట్రోఫీకి తుది ముగ్గురిలో ఉన్నాడు. ఒప్పందంలో ఇంకా రెండేళ్లు మిగిలి ఉన్నాయి, ఎక్కడికి పంపాలన్నది మీ ఇష్టం. కొనే జట్టుకి అంతకంటే మంచి సరుకు ఉంటుందా?

దానికి దగ్గరగా వచ్చే ఉదాహరణ ఒకటి ఉంది, అది ట్రెలివింగ్ గారు స్వయంగా చేసిందే. 2022 వేసవిలో ఆయన కాల్గరీ మేనేజర్. 115 పాయింట్లు చేసిన లెఫ్ట్ వింగర్ జానీ గోడ్రో, ఇప్పుడు మన మధ్య లేని ఆ మంచి ఆటగాడు, జూలై 13న ఫ్రీ ఏజెంట్‌గా కొలంబస్ వెళ్లిపోయాడు. కాల్గరీకి ఏమీ మిగల్లేదు. కొన్ని రోజులకే ఇంకో వింగర్ మాథ్యూ కచుక్ కూడా అక్కడ ఎక్కువకాలం ఉండే ఒప్పందం చేసుకోనన్నాడు. అతనికి ఫ్రీ ఏజెన్సీ ఇంకా ఏడాది దూరంలో ఉంది. అంతే, ట్రెలివింగ్ గారు ఆగలేదు. జూలై 22న ఫ్లోరిడాకి పంపి, 115 పాయింట్లు చేసిన హూబర్డోని, మొదటి వరస డిఫెన్స్ ఆటగాడు వీగర్‌ని, కోల్ ష్విండ్‌ని, షరతులున్న ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌ని తెచ్చుకున్నారు. తర్వాత హూబర్డో ఆట పడిపోయింది, ఫ్లోరిడా రెండు కప్పులు గెలిచింది, అది వేరే కథ. ఆ రోజున ఉన్న బేరం గురించి నేను చెప్తున్నాను. తొమ్మిది రోజుల తేడాలో ఒక వింగర్‌కి సున్నా, ఇంకో వింగర్‌కి ఒక పెద్ద మూట. ఇద్దరి ఆటలో అంత తేడా లేదు. తేడా అంతా గడువులో, సంతకంలో ఉంది. ఫ్లోరిడాకి కచుక్‌తో ఎనిమిదేళ్ల ఒప్పందం కూడా దక్కింది కాబట్టే అంత ఇచ్చింది.

ఈ సంతకం సంగతి మా వాదనల్లో ఎవరూ పట్టించుకోరు. అందరూ పాయింట్లు లెక్కేస్తారు. వంద పాయింట్ల వింగర్ కాబట్టి ఇద్దరు మంచి భవిష్యత్తున్న కుర్రాళ్లు, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు రావాలంటారు. ఒప్పందం చివర్లో ఉన్న వింగర్‌కి రెండు ధరలుంటాయి. సంతకం లేకుండా, అంటే మూడు నెలలు అద్దెకి తెచ్చుకున్నట్టు, ఒక ధర. సంతకంతో ఇంకో ధర.

అద్దె ధర ఎంతో 2024 మార్చిలో పిట్స్‌బర్గ్ చూపించింది. జేక్ గెంట్జెల్, అప్పటికి రెండుసార్లు 40 గోల్స్ కొట్టిన వింగర్. అతన్ని కరోలినాకి ఇచ్చి మైకేల్ బంటింగ్‌ని, ముగ్గురు యువ ఆటగాళ్లని, షరతులున్న రెండు పిక్‌లని తెచ్చుకున్నారు. అందులో పెద్ద పిక్ షరతేమిటంటే, కరోలినా ఫైనల్ చేరితేనే ఫస్ట్ రౌండ్, లేకపోతే సెకండ్ రౌండ్. చేరలేదు. ఆ బేరం చేసింది ఎవరో కాదు, మీరు పంపించేసిన డూబస్ గారే. ఇంకా గమనించాల్సింది, అదే గెంట్జెల్ హక్కుల్ని దాదాపు నాలుగు నెలల తర్వాత, గడువుకి ఒక్క రోజు ముందు, కరోలినా ఒక థర్డ్ రౌండ్ పిక్‌కి టాంపా బేకి ఇచ్చేసింది. టాంపా అతనికి ఏడేళ్లకి 6.3 కోట్ల డాలర్లు ఇచ్చింది. మనిషి అదే, గోల్స్ అవే. మార్చిలో ఒక బుట్టెడు, జూన్ 30న ఒక థర్డ్ రౌండ్ పిక్.

సంతకంతో ధర ఎంతో ఈ ఏడాది మిక్కో రాంటనెన్ విషయంలో చూశాం. జనవరి 24న కొలరాడో అతన్ని కరోలినాకి ఇచ్చి మార్టిన్ నేచస్‌ని, జాక్ డ్రూరీని, రెండు పిక్‌లని తీసుకుంది. అప్పటికి సంతకం లేదు, కరోలినా ధైర్యం చేసింది. రాంటనెన్ అక్కడ ఉండనన్నాడు. ఆరు వారాలు తిరిగేసరికి, మార్చి 7న, కరోలినా అతన్ని డాలస్‌కి పంపింది. లోగన్ స్టాంకోవెన్, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు థర్డ్ రౌండ్ పిక్‌లు వచ్చాయి. ఎందుకంత? డాలస్‌తో అతను అప్పుడే ఎనిమిదేళ్లకి సంతకం చేశాడు కాబట్టి. ఫ్రీ ఏజెన్సీకి ఇంకో ఆరు వారాలు దగ్గరయ్యాక కూడా ధర తగ్గలేదు. సంతకం చేసే చెయ్యి దొరికింది, అదీ కారణం.

మార్చి 7 శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి ఆ సీజన్ ట్రేడ్లకి డెడ్‌లైన్. నేను వేర్‌హౌస్ బ్రేక్ రూమ్‌లో ఉన్నాను. మైక్రోవేవ్‌లో పప్పన్నం తిరుగుతోంది. ఫోన్ చుట్టూ ఆరుగురం మూగాం. ఇద్దరు పంజాబీలు, ఒక తమిళతను, ఒక ఫిలిపీనో అతను, మా వరంగల్ కుర్రాడు, నేను. రాంటనెన్ కోసం మార్నర్‌ని ఇమ్మని కరోలినా అడిగిందని, మార్నర్ క్లాజ్ వదులుకోనన్నాడని తర్వాత వార్తలు వచ్చాయి. ‘వాడికి ఇష్టం లేదంటే మనకెందుకు!’ అని వరంగల్ కుర్రాడు టోపీ తీసి బల్ల మీద కొట్టాడు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ మార్నర్ వైపు నుంచి చూడండి. ఇంట్లో మొదటి బిడ్డ పుట్టబోతోంది. పుట్టింది ఇక్కడికి దగ్గరలోని మార్కమ్‌లో, భార్య, స్నేహితులు, ఇల్లు అన్నీ ఇక్కడే. జట్టు అట్లాంటిక్ డివిజన్‌లో పైన ఉంది. ఎక్కడికి పోవాలో తేల్చుకునే హక్కు నాలుగు నెలల్లోపే పూర్తిగా అతని చేతికి రాబోతోంది. ఎవరైనా ఎందుకు వదులుకుంటారు? మనలో ఎవరి ఆఫీసైనా మార్చిలో పిలిచి, వచ్చే వారం నుంచి వెయ్యి కిలోమీటర్ల అవతల పని చెయ్యమంటే, వద్దనే హక్కు కాగితం మీద ఉంటే, వద్దనమా?

మార్చిలో మీరు అతన్ని ఉంచుకోవడం తప్పని నేననను. ఈ మాట అన్నందుకు మా తోడల్లుడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. 102 పాయింట్ల మనిషి, అవతలి జట్టులో ఒకడు తగ్గినప్పుడూ (పవర్‌ప్లే), మన జట్టులో ఒకడు తగ్గినప్పుడూ (పెనాల్టీ కిల్) అతనే ఆధారం. ఫిబ్రవరిలో ఫోర్ నేషన్స్ పోటీలో కెనడా తరఫున స్వీడన్ మీద ఓవర్‌టైమ్ గోల్ కొట్టాడు. అమెరికాతో ఫైనల్ ఓవర్‌టైమ్‌లో మెక్‌డేవిడ్ కొట్టిన గోల్‌కి పాస్ ఇచ్చిందీ అతనే. ఆ పాస్‌ని మా అబ్బాయి, నేను పదిసార్లు వెనక్కి తిప్పి చూశాం. ముందు తలెత్తి మెక్‌డేవిడ్ ఒక్కడే ఉన్నాడని చూసుకున్నాడు, తర్వాత కంగారు లేకుండా పక్ పంపాడు. అలాంటివాణ్ణి డివిజన్ గెలిచే ఏడాది మధ్యలో అమ్మడం ఏ జట్టుకైనా కష్టమే. 2019లో కొలంబస్ కూడా వెళ్లిపోతాడని తెలిసిన పనారిన్‌ని అమ్మకుండా ఉంచుకుంది. ఆ ఏడాది 62 ఆటలు గెలిచిన టాంపాని నాలుగుకి నాలుగు ఓడించి, చరిత్రలో మొదటిసారి ఒక ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) సిరీస్ గెలిచింది. తర్వాత పనారిన్ న్యూయార్క్‌కి వెళ్లిపోయాడు. కొలంబస్ అభిమానులకి ఆ వసంతమైనా మిగిలింది. మనకి మిగిలింది మే 18 ఆదివారం రాత్రి. ఫ్లోరిడా మీద ఏడో ఆట, సొంత అరీనాలో 6-1తో ఓటమి.

ఆ రాత్రి మా బేస్‌మెంట్‌లో పదమూడు మందిమి ఉన్నాం. మూడో పీరియడ్‌లో ఒక్కొక్కరే మెట్లెక్కి పైకి వెళ్లిపోయారు. టీవీలో సొంత ప్రేక్షకులే అరుస్తూ గేలి చేస్తున్నారు. మా అబ్బాయి 16 నంబర్ జెర్సీ విప్పి, మడత పెట్టి, సోఫా చెయ్యి మీద పెట్టాడు. ‘నాన్నా, మార్నర్‌కి మనమంటే ఇష్టం లేదా?’ అన్నాడు. ప్లేఆఫ్స్‌లో 70 ఆటలకి 13 గోల్సే అన్న లెక్క వాడికీ తెలుసు. ఆ లెక్క నేనూ కాదనను, పెద్ద ఆటల్లో అతని నుంచి ఇంకా రావాల్సింది. కానీ వాడు అడిగింది ఆ ప్రశ్న కాదు. మార్నర్ మనల్ని మోసం చేశాడని బడిలో ఎవరో చెప్పారు.

మోసం కాదని వాడికి నేను చెప్పాను. మీరు కూడా చెప్పాలి. ఇది మీకు నా మొదటి విన్నపం. మార్నర్ చేసింది మీతో రాసుకున్న ఒప్పందంలో ఉన్నదే. 2024 జూలై 1 నుంచి ఒప్పందం పొడిగించుకునే వీలుంది. ఏడాది పాటు సంతకం కాలేదు. మాథ్యూస్‌తో 2023 ఆగస్టులో, ఇంకో స్టార్ నీలాండర్‌తో 2024 జనవరిలో తేల్చుకున్న మీకు, మూడోవాడు ఎందుకు ఆగుతున్నాడో 2024 వేసవికే తెలిసి ఉండాలి. అప్పటికి క్లాజ్ ఉన్నా, ‘ఉంటావా? ఉండకపోతే ఎక్కడికి వెళ్తావో నాలుగు ఊళ్లు చెప్పు’ అని కూర్చోబెట్టి అడగడానికి పూర్తి ఏడాది ఉంది. అతను చెప్పిన నాలుగు జట్లలో ఒకటి సంతకంతో సహా కొనేది. రాంటనెన్‌కి డాలస్ ఇచ్చినంత కాకపోయినా, రువాకి రెండింతలు వచ్చేది. ఆ మాటలు లోపల జరిగాయో లేదో మాకు చెప్పలేదు. జరిగి ఉంటే చెప్పండి. మా కోపం కొంతైనా తగ్గుతుంది.

రువా గురించి ఒక మాట అనాలి, లేకపోతే ఆ అబ్బాయికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. గెంట్జెల్ లెక్కన చూస్తే, గడువు చివరి రోజున ఒక నిజమైన సెంటర్ దొరకడం తక్కువేం కాదు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, 2023లో వేగస్ కప్పు గెలిచిన జట్టులో ఆడాడు, ఇంకా రెండేళ్ల ఒప్పందం ఉంది. వేగస్ అతన్ని ఎందుకిచ్చింది? సొంత జట్టు ఎనిమిదేళ్లు ఇవ్వగలదు, బయటి జట్టు ఏడేళ్లే. ఆ ఎనిమిదో ఏడాది మీ చేతిలో ఉంది కాబట్టి ఇచ్చింది. చివరి రోజున మీ దగ్గర మిగిలిన ఒకే ఒక్క సరుకు అది, దాన్ని బాగానే అమ్మారు. అయితే లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కొత్త ఉమ్మడి ఒప్పందం ప్రకారం 2026 సెప్టెంబరు నుంచి సొంత జట్టుకి ఏడేళ్లు, బయటి జట్టుకి ఆరేళ్లు. తేడా ఒక ఏడాదిగానే ఉంటుంది. కానీ దాన్నే నమ్ముకుని జూన్ 30 దాకా కూర్చుంటే ప్రతిసారీ ఒక రువానే వస్తాడు. జట్టు మొత్తం జీతాల మీద ఉండే పరిమితి, శాలరీ క్యాప్, 8.8 కోట్ల నుంచి 9.55 కోట్లకి పెరిగింది, వచ్చే ఏడాది 10.4 కోట్లు కాబోతోంది. డబ్బు అందరి దగ్గరా ఉన్నప్పుడు ఫ్రీ ఏజెంట్ కోసం ఆగే జట్లు ఎక్కువవుతాయి, ముందే ట్రేడ్‌లో కొనేవాళ్లు తగ్గుతారు.

ఇక అడగాల్సింది అడిగి ముగిస్తాను. క్లాజ్ ఇవ్వొద్దని నేననను. ఇవ్వకపోతే మంచి ఆటగాళ్లు ఈ రోజుల్లో సంతకం చేయరు. కానీ క్లాజ్ మొదలయ్యే రోజుకి ఏడాది ముందే, ఉంచుకుంటామా పంపిస్తామా అన్నది బోర్డు స్థాయిలో తేల్చండి. మేనేజర్ మారినా ఆ నిర్ణయం మారకుండా రాసి పెట్టుకోండి. ఎవరినైనా తీసేయాలంటే ఆ తేదీకి నెల ముందు తీసేయకండి. మన యువ వింగర్ మాథ్యూ నైస్ నిన్న మొన్ననే ఆరేళ్లకి సంతకం చేశాడు, కాబట్టి ఊపిరి పీల్చుకునే సమయం కొంత ఉంది. కానీ మాథ్యూస్ ఒప్పందం 2028లో ముగుస్తుంది. అతను వింగర్ కాదు, సెంటర్, విలువ ఇంకా ఎక్కువ. 2027 జూలై 1 నుంచి అతనితో పొడిగింపు మాట్లాడొచ్చు. ఆ మాటలు 2027 జూలైలో మొదలుపెడతారా, లేక అంతకుముందే అతని మనసులో ఏముందో తెలుసుకుంటారా?

మా అబ్బాయి ఆ 16 నంబర్ జెర్సీ పారేయలేదు. చిన్నదైపోయింది, వచ్చే సీజన్‌కి కొత్తది కొనాలి. ఏ నంబర్ కొనాలో ఇంకా తేల్చుకోలేదు, ఎవరు ఎక్కువకాలం ఉంటారో చెప్పమని నన్ను అడుగుతున్నాడు. నాకు తెలియదు, అడిగి చెప్తానన్నాను. అందుకే మీకు రాస్తున్నాను.

ఇట్లు,
బ్రాంప్టన్ నుంచి ఒక లీఫ్స్ అభిమాని